కమిలిన చోట్లు

జూన్ 16, సోమవారం

సెలవుల్లో మరిచిపోయిన బస్సు మళ్ళీ మొదలైంది. జమ్మలమడుగులో ఎక్కి ముద్దనూరు మీదుగా తొండూరు బడికి చేరేసరికి చీరంతా దుమ్ము. అయినా ఈ ఏడు ఒక లాభముంది. పొట్ట కనిపిస్తాంది కాబట్టి ఎవరో ఒకరు లేచి సీటిస్తాండారు. ఈ రోజు ఒక పెద్దాయన, "కూచో తల్లీ, ఇద్దరికీ ఒకటే టిక్కెట్టు" అన్నాడు. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వినా.

పళ్ళు తోముకునేటప్పుడు రక్తం వస్తాంది. బ్రష్షు గట్టిగా ఉంది. మెత్తది తెచ్చుకోవాల.

జూన్ 19

మెత్తది తెచ్చుకున్నా.

జూన్ 24

పదో తరగతికి రక్తం పాఠం మొదలుపెట్టినా. ఎర్రకణాలు, తెల్లకణాలు, ఫలకికలు, అదే ప్లేట్‌లెట్లు. "దెబ్బ తగిలినప్పుడు రక్తం ఆగేట్టు చేసేవి ఏవి?" అంటే గదంతా ఒకే గొంతుతో "ఫలకికలు టీచర్!" అని అరిచినారు. "అవి తగ్గిపోతే ఏమవుతుంది?" రెండు మార్కుల ప్రశ్న. చిగుళ్ళ నుంచి రక్తం, చర్మం మీద కమిలిన మచ్చలు, అని గడగడా చెప్పినారు. నా పిల్లలు పరీక్షల్లో నా పరువు తీయరు.

ఎడమ చేతి మీద పెద్ద మరక. నడుమ నల్లగా, అంచుల్లో పచ్చగా. బస్సు కమ్మీ తగిలింటాది. నొప్పేం లేదు. నొప్పి లేదంటే ఏమీ లేనట్టే కదా.

మూడో నెల రక్తపరీక్షలో ఏదో కొంచెం తక్కువగా ఉంది, మళ్ళీ చేయిద్దాం అని ప్రొద్దుటూరులో డాక్టర్ పద్మావతమ్మ చెప్పింది. పోవాలంటే ఒక రోజు సెలవు పోతుంది. జూలైలో స్కానింగు ఎట్లాగూ ఉంది. రెండూ ఒకేసారి చేయించుకుంటా.

జూన్ 27

లెక్కల టీచరు దీప్తి నా జాకెట్టు చేయి కింద మరక చూసింది.

"ఏంది నీరజా ఇది?"

"బస్సు కమ్మీ."

"మొన్న ఆ చేతికి తగిలింది కూడా బస్సేనా?"

నేను నవ్వినా. ఆమె నవ్వలేదు. సాయంత్రం గేటు దగ్గర నా భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు ఎప్పుడు ఫోన్ చేసినా నేను ఎత్తుతా. మా ఇంట్లో ఒక గది ఖాళీగానే ఉంది" అంది. ఎందుకట్లా అనిందో అర్థం కాలేదు. నాకు గది ఎందుకు?

జూన్ 29, ఆదివారం

పులివెందుల నుంచి అత్తమ్మ వచ్చింది. ఒక సంచీలో బెల్లం ఓళిగలు, ఇంకో సంచీలో చెనిక్కాయల పొడి, నా కోసమని మునగాకు. కాన్పు దాకా ఉంటానంది. సుధన్వ బస్టాండు నుంచి రెండు సంచులూ మోసుకొని, పిల్లోడి మాదిరి ముందు ముందు నడుస్తూ వచ్చినాడు. బ్యాంకులో ఇంత సీరియస్‌గా కూర్చునే మనిషి అమ్మ వస్తే ఏడేండ్లోడైపోతాడు.

అత్తమ్మ మాట తక్కువ మనిషి. మామయ్య గురురాజారావు గారు పోయినాక ఇంకా తక్కువైందంటారు. ఆయన పులివెందులలో పెద్ద సంస్కృత పండితుడు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు ఇప్పటికీ ఆ ఇంటి ముందర చెప్పులు విప్పి దండం పెట్టి పోతారు. అత్తమ్మ మాత్రం ఆయన ఊసెత్తదు. అంత దుఃఖం.

మధ్యాహ్నం తలకు నూనె పెడతానని కూచోబెట్టింది. జడ పక్కకు తీసిన చెయ్యి వీపు మీద ఆగిపోయింది.

"ఏం అత్తమ్మా?"

"ఏం లేదులే అమ్మణ్ణీ."

ఆ తర్వాత జడ వేసిన తీరు ఎట్లుందంటే, వెంట్రుకలు కూడా నొచ్చుకుంటాయేమో అన్నంత మెత్తగా.

జూలై 1

చేతి మీద మరకేందని అడిగితే బస్సు తగిలిందన్నా. అప్పటి నుంచి అత్తమ్మకు ఏదో కోపం. సుధన్వకు అన్నం వడ్డించలేదు. గిన్నె ముందర పెట్టి లోపలికి పోయింది. "నేనేం చేసినా?" అని నన్నడిగినాడు. నాకేం తెలుసు. బహుశా నా మీద కోపమేమో. ఆయనే సాంబారు పోసుకొని, అమ్మ వంట కదా, రెండోసారి కూడా పోసుకున్నాడు.

జూలై 3

అత్తమ్మ పరుపు తెచ్చి మా గదిలో వేసుకుంది. "నేను ఈడనే పడుకుంటా. నువ్వు హాల్లో పడుకో" అని సుధన్వతో అంది. ఆయన దిండు చంకలో పెట్టుకొని పోయినాడు. నాకు నవ్వు ఆగలేదు. అత్తమ్మ నవ్వే ముఖం పెట్టలేదు. కడుపుతో ఉన్నప్పుడు ఏదో ఆచారముండొచ్చు.

కాళ్ళ మీద చిన్న చిన్న ఎర్ర చుక్కలు. ఉక్కకు చెమటకాయలు.

జూలై 5, శనివారం

ఈ రోజు జరిగింది జరిగినట్టు రాసుకోవాల.

పొద్దున స్నానం చేసి వస్తే నా సంచీ సర్ది ఉంది. చీరలు, మాత్రలు, స్కానింగు కాగితాలు అన్నీ. అత్తమ్మ చెప్పులేసుకొని గుమ్మంలో నిలబడి ఉంది.

"నడువు. పులివెందులకు పోతాండాం."

"ఎందుకత్తమ్మా? బడి..."

"బడి సంగతి తర్వాత. నీ వీపు నేను చూళ్ళేదనుకుంటివా?"

సుధన్వ కాఫీ గ్లాసుతో వంటింట్లో నుంచి వచ్చినాడు. "ఏందమ్మా?"

"నువ్వు మాట్లాడాకు!" అత్తమ్మ గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. "కడుపుతో ఉండే పిల్ల మీద చెయ్యెత్తడానికి నీకు మనసెట్లా వచ్చిందిరా?"

ఆయన చేతిలో గ్లాసు వంకర తిరిగి కాఫీ లుంగీ మీద కారింది. కాలిందో లేదో కూడా చూసుకోలేదు. "నేనా? అమ్మా, నేనా?"

"మీ నాయన కూడా అట్లనే అనేవాడు. తలుపు తగిలింది, మెట్టు తగిలింది అని వచ్చినోళ్ళకు నేను చెప్తాంటే, పక్కన నిలబడి తల ఊపేవాడు. ఆయన బతికినన్నాళ్ళూ చెప్పినా. ఇప్పుడిది బస్సు తగిలిందంటే నాకు తెలీదా?"

సుధన్వ గోడకానుకొని మెల్లగా నేల మీద కూలబడినాడు. ఒక్క వాక్యంలో తండ్రి పోయినాడు, తల్లి నమ్మకం కూడా పోయింది. ఆయన ముఖం చూడలేకపోయినా. దీప్తి గది ఖాళీగా ఉందని ఎందుకనిందో అప్పుడు తెలిసింది.

నేను కుర్చీలో కూచొని చీర మోకాళ్ళ దాకా పైకి తీసినా.

"అత్తమ్మా, మీ కొడుకు నన్నెప్పుడూ గట్టిగా కూడా పిలవలేదు. ఇవి చూడండి. ఇట్లా ఎవురైనా కొడ్తారా?"

ఆమె కళ్ళజోడు పెట్టుకొని నా కాళ్ళ దగ్గర కూచుంది. పిక్కల మీద, మడమల పైన, కుంకుమ చల్లినట్టు చుక్కలు. వేలితో నొక్కి చూసింది. నొక్కినా పోలేదు. చెమటకాయలైతే పోతాయి.

"మరి ఇదేందే తల్లీ?" అంది. అప్పుడామె గొంతు ముసలిదైపోయింది.

నాకు తెలుసు. పదో తరగతి పిల్లలందరికీ తెలుసు. రెండు మార్కులు.

పులివెందులకని సర్దిన సంచీతోనే ముగ్గురం ప్రొద్దుటూరు ఆసుపత్రికి పోయినాము. ఆటోలో సుధన్వ నడుమ కూర్చున్నాడు. దారి పొడుగునా అత్తమ్మ ఆయన మోకాలి మీద చెయ్యి పెట్టుకొనే ఉంది. క్షమించమనలేదు. చెయ్యి మాత్రం తీయలేదు.

జూలై 7

లక్షన్నర ఉండాల్సిన ఫలకికలు ఇరవై ఎనిమిది వేలు ఉన్నాయి. మిషన్ తప్పేమోనని స్లైడు మీద వేసి మైక్రోస్కోపులో కంటితో కూడా చూసినారు. డెంగీ కాదు. బీపీ లేదు.

డాక్టర్ పద్మావతమ్మ పెద్దావిడ, ఏదీ దాచి చెప్పదు. "చూడమ్మా, నీ ఒంట్లో కాపలా కాసే బలగం పొరపాటు పడింది. నీ ఫలకికలనే పరాయివని పట్టుకొని చంపేస్తాంది. నువ్వు తిన్నదాని వల్ల కాదు, తిననిదాని వల్ల కాదు. స్టెరాయిడ్ మాత్రలిస్తా, మళ్ళీ పెరుగుతాయి. నొప్పికని షాపులో మాత్రలు కొని మింగాకు."

"బిడ్డకు?" అన్నాడు సుధన్వ.

"ఆ బలగం మాయ దాటి బిడ్డ దగ్గరికి పోవచ్చు, పోకపోవచ్చు. ఈమె లెక్క చూసి బిడ్డ లెక్క చెప్పలేము. శానామంది పిల్లలకు ఏమీ కాదు. పుట్టినాక పిల్లల డాక్టరు మొదటి వారం కనిపెట్టుకొని ఉంటాది."

వెనక్కి వచ్చేటప్పుడు, మూడో నెలలో చెప్పిన పరీక్ష సంగతి ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

జూలై 11

పొద్దున వాకిట్లో సుధన్వ అమ్మనడిగినాడు. నేను తలుపు వెనక ఉన్నా, వాళ్ళకు తెలుసు.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నువ్వు ఆయన చెయ్యి పట్టుకొని బడికి పోతాంటివి. ఆ చేతి గురించి నీకేం చెప్పాలరా?"

"నేను కూడా అట్లాంటోణ్ణే అనుకున్నావు" అన్నాడు.

"అనుకున్నా. అనుకొని నీ పక్క రాలేదు, దాని పక్కకు పోయినా. నా పక్క ఎవురూ రాలేదప్పుడు."

మధ్యాహ్నం సుధన్వ కంచంలో నెయ్యి వరదైంది. పరుపు కూడా హాల్లోకి మారింది, ఈసారి అత్తమ్మది.

జూలై 22

ఆకలి. ఈ మాత్రలకు ఆకలి అని పేరు పెట్టాల్సింది. పొద్దున ఉగ్గాని, అది దిగేలోపల బజ్జీలు, పదకొండుకు పెరుగన్నం, స్టాఫ్‌రూంలో దీప్తి డబ్బాలో సగం. జబ్బు సంగతి దీప్తికి చెప్పినా. ఆమె నన్ను పట్టుకొని ముందు ఏడ్చింది, తర్వాత "మీ ఆయన్ని ఎన్ని శాపనార్థాలు పెట్టినానో, అన్నీ వెనక్కి తీసుకుంటాండా" అని నవ్వింది. ఇంటికొచ్చి సుధన్వకు చెప్పినా. "బ్యాంకులో ఆమె నాకు నమస్కారం పెట్టకుండా పోయిందందుకేనా?" అన్నాడు. చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వినాడు.

ఫలకికలు యాభై దాటినాయి.

ఆగస్టు 9

అద్దంలో ముఖం పూర్ణచంద్రుడు. "నాకు బాగుంది" అంటాడు సుధన్వ. అబద్ధం చెప్పడం ఆయనకు రాదు కాబట్టి బాగుందేమో.

ఆగస్టు 30

షుగరు కొంచెం పెరిగింది. ఇదీ మాత్రల పనే. ఓళిగలు బంద్. అత్తమ్మ కొర్రన్నం వండుతాంది. నేను చూడలేదనుకొని ఆమె కూడా కొర్రన్నమే తింటాంది, ఓళిగలు చేయడం మానేసి.

సెప్టెంబర్ 18

సెలవు పెట్టినా. బస్సులో నా సీటు ఇప్పుడెవరిదో.

బిడ్డ తన్నినప్పుడల్లా, లోపల కమిలుతుందేమో అని చెయ్యి అడ్డం పెడతాండా. నా కడుపుకు నేనే. తెలివితక్కువ పని. అయినా పెడతాండా.

అక్టోబర్ 2

దసరా. ప్రొద్దుటూరు అంతా దీపాలు. చెకప్‌కు పోయి, జనంలో ఇరుక్కోకుండా ఆటోలో నుంచే అమ్మవారిని చూసినాము. అత్తమ్మ చెయ్యెత్తి మొక్కి, "ఏం కోరుకున్నావే?" అంది. "ఏమీ లేదు" అన్నా. "నేను రెండు కోరుకున్నా, నీది కూడా సరిపోతాది" అంది.

అక్టోబర్ 21

నాకు ఎనభై నాలుగు వేలు. మామూలు కాన్పుకు చాలు. బిడ్డ తల మీద ఏ పరికరం పెట్టి లాగకూడదని, అట్లాంటి అవసరం పడితే ఆపరేషనే చేస్తామని పద్మావతమ్మ ముందే చెప్పింది. పిల్లల డాక్టర్ షాహిస్తాను పరిచయం చేసింది. చిన్న వయసు, నిదానం మనిషి. "నేను భయపెట్టను, ఏదీ దాచను. సరేనా అక్కా?" అంది. సరే అన్నా.

నాకు భయం లేదు.

అక్టోబర్ 29

మగబిడ్డ. మామూలు కాన్పు. ఏడ్చినాడు. నేనూ.

అక్టోబర్ 30

బాగున్నాడు.

అక్టోబర్ 31

బాగున్నాడు. పాలు పట్టినాడు. బాగున్నాడు.

నవంబర్ 1

పుట్టినప్పుడు తీసిన రక్తంలో వానికి తొంభై వేలున్నాయంటే ఊపిరి పీల్చుకున్నాము. తగ్గేది ఇప్పుడేనని, మొదటి కొన్ని రోజులే చూడాల్సినవని షాహిస్తా చెప్తానే ఉంది. నేను వినలేదు, విన్నట్టు తలూపినా. ఈ పొద్దు ఇరవై రెండు వేలు.

మడమ మీద, నేను ముద్దు పెట్టుకునే చోట, ఎర్ర చుక్కలు. అవే. నా కాళ్ళ మీదివి వాని కాళ్ళ మీదికి వచ్చినాయి.

అద్దాల గదిలోకి తీసుకపోయినారు. తలకు స్కాన్ తీసినారు. లోపల రక్తస్రావం లేదు. ఇది రాయగలిగినందుకు ఇంకోసారి రాస్తా. లేదు.

ఒక మందు ఎక్కిస్తాండారు. వేలమంది దానంగా ఇచ్చిన రక్తంలో నుంచి తీసి తయారుచేస్తారంట. ఎవరెవరో, ఏ ఊరివాళ్ళో. నా ఒక్కదాని రక్తం చేసిన పొరపాటును వాళ్ళందరి రక్తం కలిసి దిద్దుతాంది. సన్నని గొట్టంలో చుక్క చుక్కా దిగుతాంటే అద్దం ఇవతల నుంచి చూసినా.

"నా వల్లనే అత్తమ్మా" అన్నా. "నా రక్తమే వానికి..."

అత్తమ్మ నా నోటి మీద చెయ్యి పెట్టలేదు. నెమ్మదిగా అంది. "నీ రక్తమే వానికి ఇన్ని నెలలు అన్నం పెట్టింది. అది కూడా చెప్పు. చెప్తే రెండూ చెప్పాల."

నవంబర్ 2

పాలు పిండి గిన్నెలో ఇచ్చి పంపిస్తాండా. తల్లిపాలు ఇవ్వచ్చు, మానొద్దు అంది షాహిస్తా. సుధన్వ ఆ గిన్నెను రెండు చేతుల్తో పట్టుకొని వరండాలో నడుస్తాంటే నర్సులు దారి ఇస్తాండారు. తులాభారం బంగారం మోస్తాన్నట్టు నడుస్తాడు.

నవంబర్ 3

నలభై ఆరు వేలు.

నవంబర్ 5

తొంభై ఐదు! షాహిస్తా నవ్వుకుంటూ వచ్చింది, నోరు తెరవకముందే తెలిసింది. వాణ్ణి నా ఒళ్ళో పెట్టినారు. ఎంత గట్టిగా ఏడుస్తాండాడంటే, పక్క మంచం ఆమె "యాడి నుంచి తెచ్చినారమ్మా ఈ మైకు సెట్టు" అంది. అత్తమ్మ కిటికీ వైపు తిరిగి "రాయరూ, రాయరూ" అని రాఘవేంద్రస్వామికి మొక్కుకుంటూ ముక్కు చీదింది. సుధన్వ వార్డులో అందరికీ మిఠాయిలు పంచినాడు. నాకివ్వలేదు. షుగరంట. నేను అడిగి ఒకటి లాక్కున్నా.

నవంబర్ 17

వానికి రెండు లక్షలకు పైనే. నాలో నుంచి పోయిన ఆ బలగం వాని ఒంట్లో మెల్లగా తగ్గిపోతాందన్నారు. నాకు మాత్రలు మెల్లగా తగ్గిస్తాండారు. నా జబ్బు మళ్ళీ రావచ్చు, రాకపోవచ్చు, రక్తం చూపించుకుంటా ఉండాల. చూపించుకుంటా. ఈసారి సెలవు లెక్క చూడను.

నవంబర్ 23, ఆదివారం

నామకరణం. ఇల్లు పట్టనంత మంది వచ్చినారు. దీప్తి పొద్దున్నే వచ్చి ముగ్గేసింది. డాక్టర్ షాహిస్తా నల్ల చుక్కల టోపీ ఒకటి తెచ్చి బిడ్డకు పెట్టి, మడమలు తిప్పి చూసి, ఏమీ లేదని నాకు సైగ చేసింది. కడప నుంచి మామయ్య తమ్ముడు వచ్చినాడు. మా ఇంట్లో ఇప్పుడు పెద్దదిక్కు ఆయనే.

పళ్ళెంలో బియ్యం పోసినారు. సుధన్వ ఉంగరం చేతిలోకి తీసుకొని కూర్చున్నాడు. పేరు ముందే అనుకున్నాము, మేము ముగ్గురమే. ఎవరికీ చెప్పలేదు.

"రాయి నాయనా, గురురాజ అని" అన్నాడు చిన్నమామయ్య. "మొదటి మనవడు, తాత పేరే కదా. మా అన్న అంతటి పండితుడు మళ్ళీ పుట్టినాడు."

సుధన్వ తలెత్తి అమ్మ వైపు చూసినాడు. నేనూ చూసినా. ఆమె మాట్లాడకపోతే నేను మాట్లాడాలని నోరు తెరిచినా.

"వద్దు" అంది అత్తమ్మ.

"అదేంది వదినా?"

"ఆ పేరు నా మనవనికి వద్దు."

"ఊరంతా ఏమనుకుంటాది? ఆయన పేరు చెప్తే ఇప్పటికీ దండాలు పెడతాండారు."

"పెట్టుకోనీ. ఊరికి చెప్పాల్సింది ఇన్నేండ్లు నేను తప్పకుండా చెప్పినా. ఈ పొద్దు నా ఇంట్లో వాళ్ళకు చెప్తాండా. ఆ పేరు పెట్టి వీణ్ణి ముద్దు చేయడం నాతో కాదు." గొంతు పెంచలేదు. బిడ్డ నిద్రపోతాండాడు, వాడు కూడా లేవలేదు. "నువ్వు రాయి నాయనా."

సుధన్వ బియ్యంలో అభిరామ్ అని రాసినాడు. ఉంగరం జారి 'మ్'కు తోక పొడుగైంది. వాని చెవిలో చెప్పినాడు. తర్వాత నేను చెప్పినా. తర్వాత అత్తమ్మ వంగి, ఏం చెప్పిందో మాకు వినిపించలేదు, చాలాసేపు చెప్పింది.

చిన్నమామయ్య భోజనం చేయకుండా పోతాడనుకున్నా. చేసినాడు. తలొంచుకొని, పప్పు, చారు, పెరుగు, అన్నీ. చివర్లో పెరట్లో కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటాంటే అత్తమ్మ తువ్వాలు తీసుకుపోయింది. నేను అక్కడే వంటింటి కిటికీ పక్కన కూచొని బిడ్డకు పాలిస్తాండా.

నీళ్ళు కట్టేసినాక కూడా ఆయన చేతులు చాచుకొని అట్లనే నిలబడినాడు.

"వదినా, నాకు తెలుసు" అన్నాడు. "అప్పుడు కూడా తెలుసు."

అత్తమ్మ తువ్వాలు ఆయన చేతుల్లో పెట్టింది.

"నీకు తెలుసని నాకూ తెలుసప్పా" అంది. "చేతులు తుడుచుకో."

ఆయన తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకొని చాలాసేపు తుడుచుకున్నాడు. అత్తమ్మ అప్పటికే లోపలికి వచ్చేసి, నా ఒళ్ళో నుంచి అభిరామ్‌ను తీసుకొని, భుజం మీద వేసుకొని, తేన్పు వచ్చే దాకా వీపు నిమురుతూ హాలంతా తిరిగింది. ముందరి గదిలో జనం ఇంకా మాట్లాడుకుంటానే ఉండారు. ఆమె వాళ్ళ నడుమ నుంచే నడిచింది.